చ అని రాసిన నాలికలు

ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఉన్నవాళ్ళం ముగ్గురం: మాస్టర్‌గారి కోడలు, ఆయన పక్కన ముప్పై ఏళ్ళు డోలు వాయించిన పెద్దాయన, నేను. వస్తువులు ఇవి. గోడకు ఆయన ఫొటో, దానికి ఇంకా వాడని దండ. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద మడత పెట్టిన నాలుగు తెల్ల పంచెలు. మేకుకు క్లారినెట్ సంచి. మూడు స్టీలు లోటాల్లో కాఫీ. చాప మీద, నా మోకాలికి తగులుతూ, ఒక పాత జామెట్రీ బాక్సు. సైకిల్ ట్యూబు కోసి చేసిన రబ్బరు ఉంగరం దానికి బిగించి ఉంది.

"ఇంజినీరు వస్తే ఇయ్యమని మామ చెప్పిపెట్టినాడు" అంది కోడలు. "లోపల ఆకు మార్చేదానికి తప్ప నేను తెరవలేదప్పా."

నేనూ వెంటనే తెరవలేదు. అంతకుముందు ఆ బాక్సు నా చేతిలో పడినప్పుడు నేనేం చేశానో ముగ్గురికీ తెలుసు. అందరం కాఫీ తాగాం.

మాస్టర్‌గారు బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ యూనిట్లో కటింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పటినుంచీ క్లారినెట్ వాయించేవారు. వీధంతా ఆయన్ని మాస్టర్ అనేది. బట్టలు కత్తిరించినందుకు అంటున్నారా, క్లారినెట్ వాయించినందుకా అని నేను చాలామందిని అడిగాను. ఎవరూ తేల్చి చెప్పలేదు. ఆయన్ని అడిగితే, "పిలిస్తే పలుకుతాను కదా, చాలదా" అన్నారు. నా ప్రశ్నలకు ఆయన జవాబులన్నీ ఇలాగే ఉండేవి.

క్లారినెట్ ఎరగనివాళ్ళకు ఒక్క విషయం చెప్పాలి. ఊదే చోట రెల్లుజాతి గడ్డితో చేసిన బద్ద ఒకటి ఉంటుంది. వేలెడు పొడవు, కొస కాగితమంత పలచన. అది అదిరితేనే శబ్దం. బజార్లో దాన్ని రీడు అంటారు. మాస్టర్‌గారు నాలిక అనేవారు. ఈ సంగతి తెలియక మొదటిరోజే నవ్వులపాలయ్యాను. అప్పుడు నేను మడివాళలో పీజీలో ఉండేవాణ్ణి. స్నేహితుడి దగ్గర కొన్న పాత క్లారినెట్ కీచుమంటోందని గదిలోవాళ్ళు గొడవ చేస్తే, సంగీత వాయిద్యాల షాపతను ఈయన దగ్గరికి పంపాడు. ఆయన ఒక్కసారి ఊదించి, "నాలిక చెడిపోయినాది. ఏదీ, చూపించు" అన్నారు. నేను నాలిక బయటపెట్టాను. డోలాయన అప్పుడూ అక్కడే ఉన్నాడు. "గొంతు కూడా చూడు మాస్టరూ, టాన్సిల్స్ ఉండాయేమో" అన్నాడు. తర్వాత రెండేళ్ళూ నేను గుమ్మంలోకి రాగానే ఆయన పలకరింపు ఒకటే, "ఏమప్పా, నాలిక బాగుండాదా?"

ఆయన నేర్పిన సంగీతం నాకు పెద్దగా రాలేదు. నేను చూస్తూ కూర్చున్నది ఆయన చేతుల్ని. వాయించడం అయిపోగానే రీడు విప్పి, పంచె అంచు మీద పెట్టి, బొటనవేలితో తుడిచేవారు. లావుగా ఉన్న వైపునుంచి కొస వైపుకే, ఎప్పుడూ ఎదురు తుడవరు. తుడిచేటప్పుడు మాట్లాడరు, మనల్ని మాట్లాడనివ్వరు. తర్వాత దాన్ని గాజుముక్క మీద బోర్లా పెట్టేవారు. పాత కిటికీ అద్దాన్ని ముక్కలు చేసి, అంచులు ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేసుకున్న ముక్కలవి. ఒక్కో ముక్క మీద నాలుగు రీడ్లు, మీద ట్యూబు ఉంగరం. గాజు మీద బిగించి ఆరబెడితే రీడు వంకర పోదు. అవన్నీ జామెట్రీ బాక్సులోకి. బాక్సు మూలలో గోరంత తమలపాకు ముక్క, రోజూ మార్చాలి. రీడ్లు మరీ ఎండిపోకుండా ఆ పచ్చి చాలు. నిన్న ఊదిన రీడు ఇవాళ ఊదకూడదు.

ఇవన్నీ నేను రాసుకున్నవి, ఆయన చెప్పినవి కావు. కొలిచే పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో కొలవడం నా ఉద్యోగం. అందుకని అడిగేవాణ్ణి.

"రీడు నీళ్ళలో ఎంతసేపు నానాలి?"

"ఒక కాఫీ తాగేంత సేపు."

ఆయన కాఫీకి ఎంత పడుతుందో ఫోనులో కొలిచాను. ఒంటరిగా ఉంటే మూడు నిమిషాలు. డోలాయన వస్తే పదకొండు. అదే చెప్పాను. "అయితే ఆయన వచ్చిన దినం బాగా నానుతాది" అన్నారు.

"తమలపాకే ఎందుకు?"

"చూస్తా ఉండప్పా, తెలుస్తాది."

ఒక ఆదివారం గంటసేపట్లో ఈ మాట తొమ్మిదిసార్లు విన్నాను. నాకు ఒళ్ళు మండేది. తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని, రెండు వాక్యాల్లో అయిపోయేదాన్ని చూస్తూ కనిపెట్టమంటాడేమిటి? ఆయన చెప్పకపోతే నేనే రాసి ఆయనతో సరిచూపించుకోవాలనుకున్నాను. నాలుగు పేజీలు, శుభ్రమైన తెలుగులో, అంకెలు వేసి తీసుకెళ్ళాను. ఆయన ఆ కాగితాలు దూరంగా పట్టుకుని, ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పి, "అక్షరం చక్కగా ఉండాది" అని తిరిగి ఇచ్చేశారు.

"తప్పులేమైనా ఉన్నాయా?"

"ఏంటికుంటాయి? చదువుకున్నోడివి."

ఆయనకు నా పని మీద శ్రద్ధ లేదనుకుని ఆరోజు కోపంగా పీజీకి వెళ్ళిపోయాను. ఆ కాగితాల విషయంలో నేనెంత గుడ్డిగా ఉన్నానో తర్వాత తెలిసింది.

ప్రతి రీడు వెనకా, లావు వైపున, పెన్సిలుతో ఒక్క అక్షరం ఉండేది. బ, మ, చ. గుడ్డ కట్టల మీద సైజుకో అక్షరం రాసే చెయ్యి అది, ఒక అక్షరం కంటే ఎక్కువ ఖర్చు పెట్టదు. ఆ అక్షరాల సంగతి మాత్రం నేను అడగలేదు. అడగాల్సిన అవసరమే కనిపించలేదు.

కిందటేడు కార్తీకంలో ఆయన కంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. నెలరోజులు ఏదీ ఊదకూడదన్నారు డాక్టరు. ఆయనకు కన్ను గురించి బెంగ లేదు. వీధి చివరి రాముడి గుడిలో ధనుర్మాసం నెల్లాళ్ళూ తెల్లవారుజామున వాయించేది ఆయనే. మనవరాలు పుట్టిన ఏడూ మానలేదు, భార్య పోయిన ఏడూ మానలేదు. అంతకు ముందటేడు మధ్యలో ఒకటి రెండుసార్లు ఊపిరి అందలేదని గుడి కమిటీ పెద్దమనిషి ఒకాయన స్పీకరు కొని పెట్టాడు. "ఈసారి మొదటి దినం చూస్తాం మాస్టర్. కుదిరితే మీరే, కుదరకపోతే పెన్‌డ్రైవు" అన్నాడట. నెలలో కన్ను మానాలి, మానిన మర్నాడే వాయించాలి. సాధన చేసుకోడానికి ఒక్క రోజు మిగల్లేదు.

ఆస్పత్రికి వెళ్ళే ముందు జామెట్రీ బాక్సు నా చేతికిచ్చారు. "చూసుకోప్పా. ఆకు మారుస్తా ఉండు. అంతే."

అంతే అన్నారు. నేను అంతటితో ఆగలేదు.

ముందు ఆకు తీసేశాను. దానికి ఆనుకుని ఉన్న రీడు మీద బూజు చుక్క కనిపించింది. బదులుగా తేమ పీల్చే చిన్న పొట్లాలు రెండు పెట్టి, తేమ కొలిచే మీటరు ఒకటి మూతకు అంటించాను. తర్వాత రీడ్లన్నీ బయటికి తీసి పట్టిక వేశాను. మొత్తం ఇరవయ్యారు. ఆఫీసునుంచి మైక్రోమీటరు తెచ్చి ఒక్కోదాని కొస మందం కొలిచాను, రంగు రాశాను, అక్షరం రాశాను. బ ఉన్నవి ఏడు, గట్టివి, పసుపు రంగువి. మ ఉన్నవి ఎనిమిది, అన్ని విధాలా మధ్యస్థం. చ ఉన్నవి పదకొండు. ముదురు గోధుమరంగుకు తిరిగి, కొసలు అరిగి, వేలితో తాకితే వంగిపోతున్నాయి. బ అంటే బాగున్నవి, మ అంటే మామూలువి, చ అంటే చెడ్డవి. నా కొలతలూ ఆయన గుర్తులూ గీత గీసినట్టు కలిశాయి. ఇంత చక్కగా కుదిరిన డేటా నాకు ఉద్యోగంలో ఎప్పుడూ దొరకలేదు.

చెడ్డవాటిని ఆయన ఎందుకు దాచుకున్నారంటే, పాతకాలం మనుషులకు ఏదీ పారేయడానికి చేతులు రావు. ఇదీ నేనే తేల్చేశాను. పదకొండింటినీ కాగితంలో చుట్టాను. తడి చెత్తలో వేయాలా, పొడి చెత్తలో వేయాలా అని కాసేపు ఆలోచించి, పొడి చెత్తలో వేశాను.

ధనుర్మాసం మొదటిరోజు తెల్లవారుజామున ఐదింటికి ముందే గుడికి వెళ్ళాను. నా ఫోను పధ్నాలుగు డిగ్రీలు చూపించింది. డోలాయన మంకీ క్యాపు పెట్టుకుని వేళ్ళు ఒళ్ళో రుద్దుకుంటున్నాడు. కమిటీ పెద్దమనిషి శాలువా కప్పుకుని స్పీకరు పక్కన నిలబడి ఉన్నాడు. పాతికమంది ఆడవాళ్ళు, పిల్లలు. నేను జామెట్రీ బాక్సు మాస్టర్‌గారికి అందించాను, కొంచెం గర్వంగానే. ఆయన మూత తీసి, మీటరు వైపు ఒకసారి చూసి, గాజుముక్కలు ఒకటొకటే తిప్పారు. మళ్ళీ తిప్పారు.

"చళివి ఏడ పెట్టినావప్పా?"

"ఏవి?"

"అవేప్పా, చ రాసిండేవి."

"అవి పారేశాను మాస్టర్‌గారూ. చెడ్డవి కదా."

"చెడ్డవని ఎవురు చెప్పినారు?"

"మీరే రాశారుగా. బ బాగున్నవి, మ మామూలువి, చ చెడ్డవి."

డోలాయన నేనేదో పరాచికం ఆడుతున్నాననుకుని నవ్వాడు. మాస్టర్‌గారి మొహం చూసి ఆపేశాడు.

"బిసిలు, మళె, చళి" అన్నారు మాస్టర్‌గారు, నాతో కాదు, బాక్సుతో అన్నట్టు. ఎండ, వాన, చలి. కన్నడ మాటలు. ఎండకు గట్టి రీడు, వానకు మధ్యరకం. చలికి, పెదాలు బిగుసుకుపోయి ఊపిరి చాలని వేళకు, ఏళ్ళ తరబడి ఊది ఊది మెత్తబడినవి.

"మీరు రాసింది తెలుగు కాదా?" అన్నాను. అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

"నాకు తెలుగు రాసేది ఎవురు నేర్పించినారప్పా? చదివింది కన్నడ ఇస్కూలు, అదీ నాలుగో క్లాసు దాకా. మా ఇండ్లలో మాట తెలుగు, చేతి రాత కన్నడ."

రెండేళ్ళు ఆయనతో తెలుగులో మాట్లాడాను. నాలుగు పేజీలు తెలుగులో రాసి చేతిలో పెట్టాను. అక్షరం చక్కగా ఉండాదన్న మనిషికి ఆ అక్షరాలు రావని నాకు తట్టలేదు. బ, మ, చ రెండు లిపుల్లోనూ ఒకేలా ఉంటాయి, మ, చ తలకట్టులో కాస్త తేడా. ఈ ఊరొచ్చినప్పటినుంచీ బస్సు బోర్డుల మీది కన్నడాన్ని తెలుగు కళ్ళతోనే చదువుకుంటూ తిరిగాను, అదొక సౌకర్యం అనుకుంటూ.

ఆయన మళ్ళీ గాజుముక్కల వైపు తిరిగారు. మ ఉన్న రీడు ఒకటి ఏరి నోట్లో తడుపుకున్నారు. కాఫీ తాగేంత సేపు లేదు. డోలాయన దెబ్బ వేశాడు. మొదటి వరస గాలి కలిసిపోయి బొంగురుగా వచ్చింది. రెండో వరసలో రీడు కీచుమంది. ఆగి, మళ్ళీ అందుకున్నారు. మళ్ళీ కీచుమంది. బ రీడు మార్చారు. అది అసలు పలకలేదు, బుగ్గలు పొంగాయి, మెడ నరాలు లేచాయి, గాలి మాత్రం వచ్చింది. ముందు వరసలో ఒకావిడ చంటిపిల్ల చెవులు మూసింది. ఆవిడ తప్పేం లేదు, పిల్ల ఉలిక్కిపడుతోంది.

కమిటీ పెద్దమనిషి దగ్గరికొచ్చి, మర్యాదగానే, చెయ్యి పట్టుకున్నాడు. "ఈ చలిలో మీకేల కష్టం మాస్టర్. రేపట్నుంచి స్పీకరు పెట్టేస్తాం. మీరు సుమ్నే, ఊరికే వచ్చి కూచోండి. ప్రసాదం తీసుకోండి."

మర్నాడు మాస్టర్‌గారు నిజంగానే వెళ్ళి కూర్చున్నారు. నేనూ వెళ్ళాను. స్పీకర్లోంచి సన్నాయి వచ్చింది. అంతా విని, "శ్రుతి బాగుండాది" అన్నారు.

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రెండు నెలలు ప్రతి ఆదివారం అందుకోసమే వెళ్ళాను. కమిటీ ఆయనతో నేను మాట్లాడతానన్నాను, తప్పు నాదని చెప్తానన్నాను. "బిడప్పా" అన్నారు. బిడు అంటే వదిలెయ్యి. ఎప్పటికీ వంగని, బూజు పట్టని ప్లాస్టిక్ రీడు తెప్పించి ఇచ్చాను. థాంక్స్ చెప్పి తీసుకున్నారు. తర్వాతి ఆదివారం చూస్తే దాంతో సున్నం తీసి తమలపాకుకు రాసుకుంటున్నారు. "ఇది బాగుండాదప్పా, వేలు కాలడం లేదు."

ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. "మీరు ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు. అడిగిన ప్రతిదానికీ చూస్తా ఉండు, చూస్తా ఉండు. చూశాను కాబట్టే పారేశాను."

డోలాయన తల దించుకున్నాడు. మాస్టర్‌గారు రీడు తుడుస్తున్నారు. తుడవడం పూర్తిచేసి దాన్ని గాజుముక్క మీద పెట్టారు.

"ఒక్కసారి గట్టిగా తిట్టండి మాస్టర్‌గారూ" అన్నాను.

"తిడితే నాలికలు వస్తాయా?"

అప్పటికే కొత్త రీడ్లు తెచ్చుకుని చలివి మళ్ళీ తయారు చేసుకుంటున్నారు. ఉప్పుకాగితం మీద రెండు రుద్దులు, దీపం వెలుగుకు పట్టి చూడటం, మళ్ళీ ఒక రుద్దు. ఒక్కోదాన్నీ పొద్దున చలి ఉండగా కొద్ది నిమిషాలే ఊది పక్కన పెట్టాలి, మర్నాడు ఇంకొకటి. ఎండెక్కితే ఆ రోజుకు ఆపేయాలి. "ఒక చలికాలానికి ఐదు తయారైతే ఎక్కువ" అన్నారు. రీడ్ల గురించి ఆయనే స్వయంగా చెప్పిన అంకె నాకు తెలిసి ఇదొక్కటే. నేను వెళ్ళినప్పుడల్లా, "నీ సెల్లులో ఈ పొద్దు ఎంత చలి ఉండాది?" అని అడిగేవారు. చెప్పేవాణ్ణి. పదహారు. పదిహేడున్నర. శివరాత్రి దాటాక అడగడం మానేశారు.

ఆ తర్వాత కొత్త ఉద్యోగమొచ్చి వర్తూరుకు మారాను. అక్కణ్ణుంచి బొమ్మనహళ్ళికి ట్రాఫిక్కులో గంటన్నర అని అందరికీ చెప్పేవాణ్ణి. ఆదివారాలు ట్రాఫిక్కు ఉండదు. నెలకొకసారి, తర్వాత రెండు నెలలకొకసారి వెళ్ళాను. వెళ్ళినప్పుడు రీడ్ల సంగతి నేనెత్తలేదు, బాక్సు వైపు చూడలేదు. చివరిసారి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "చలికి రాప్పా, నీ సెల్లు తీసుకొని" అన్నారు.

వానాకాలం చివర్లో నాలుగు రోజులు జ్వరమొచ్చి పోయారు. కోడలు నాకు ఫోను చేసేసరికి తొమ్మిదో రోజు. పన్నెండో రోజున వెళ్ళాను.

కాఫీ అయిపోయింది. డోలాయన లోటా బోర్లించి నావైపు తిరిగాడు. ఆయనది మదనపల్లె, తెలుగు చదువుకున్నవాడు.

"ఉగాది ముందర నా దగ్గర మూడు మాటలు రాయించుకున్నాడప్పా మాస్టరు. పేపరు మీద పెద్దగా రాసియ్యమన్నాడు. ఏంటికి మాస్టరూ ఈ వయసులో అని అడిగితే, బిడు అన్నాడు. దాన్ని ముందర పెట్టుకొని పలక మీద మాదిరి దిద్దేవాడు. ఈ పాప నవ్వేది."

"నేను నవ్వలేదు" అంది కోడలు. "అక్షరం మీద గుడి సరిగ్గా రాలేదని నాతో చెప్పుకున్నాడు. నాకు ఆ అక్షరాలు వస్తే కదా."

రబ్బరు ఉంగరం తీసి మూత తెరిచాను. మూలలో తమలపాకు ముక్క పచ్చగా ఉంది. మూతకు నేను అంటించిన మీటరు ఇంకా అక్కడే ఉంది, బ్యాటరీ అయిపోయి. గాజుముక్కలు ఒకటొకటే తీసి, ఉంగరాలు సడలించి, రీడ్లు వెనక్కి తిప్పాను. ఒక్క అక్షరం ఉన్నది ఒక్కటీ లేదు. పాత పెన్సిలు గుర్తులు రుద్దేసి ఉన్నాయి. వాటి చోట పూర్తి మాటలు, తెలుగులో. తలకట్లు అక్షరానికి అంటకుండా పైన ఎగురుతున్నాయి. కొన్నిటి మీద రెండుసార్లు దిద్దిన జాడ ఉంది. కన్నడ మాటలు కావు, నేను చదవగలిగిన మాటలు.

కోడలు అడిగింది, "ఏం రాసినాడప్పా?"

చదివి వినిపించాను. తర్వాత అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.

ఎండ, ఏడు. వాన, ఎనిమిది. చలి, ఏడు.